కాజా కోసం కెమెరా, కోళ్ళగంప: ఒక ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ 21, మంగళవారం

ఈ వారం మొదలెడదామనుకున్న ప్రాజెక్టు వేరే, మేడ మీద వాటర్ ట్యాంకుకి లెవెల్ అలారం. సామానంతా వచ్చి టేబుల్ మీద కూర్చుంది కూడా. అది పక్కన పడేశా, ఇప్పుడు ఇంట్లో పని ఒక్కటే, పిల్లిని వెతకడం.

పేరు కాజా. మూడేళ్ళు, ఆపరేషన్ చేయించిన మగపిల్లి, పాకంలోంచి అప్పుడే తీసిన కాజా రంగులో ఉంటాడని మా అమ్మాయి ఆ పేరు పెట్టింది, తోక చివర మాత్రం తెలుపు. కళ్ళు తెరిచిన దగ్గర్నించీ మా ఇంట్లోనే, గుమ్మం దాటి ఎరగడు. నిన్న దీపావళి రాత్రి వీధి చివర ఎవరో పదివేల వాలా అంటించారు, అది ఆగేసరికి వంటింటి కిటికీ దోమతెర ఒక మూల ఊడి వేలాడుతోంది, వీడు లేడు.

రాత్రంతా కాలుకాలిన పిల్లిలా నేనే తిరిగా రామారావుపేట సందులన్నీ, "కాజా, కాజా" అని అరుచుకుంటూ. కాకినాడలో అర్ధరాత్రి ఆ పేరు పెట్టి అరిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా, ఒకాయన బాల్కనీలోంచి వంగి "కేజీ ఎంతండీ" అనడిగాడు. వేరే రోజైతే పడీపడీ నవ్వేవాణ్ణి.

తెల్లారాక టీ తాగి కాస్త బుర్ర కుదురుకున్నాక తప్పిపోయిన పిల్లుల మీద ఎవరైనా లెక్కలు కట్టారా అని చూశా, కట్టారు. 2018లో యానిమల్స్ అనే జర్నల్లో వచ్చింది, పిల్లి తప్పిపోయిన 1,210 మందిని అడిగి రాశారు. మూడో వంతు పిల్లులు మొదటి 7 రోజుల్లో దొరికాయి, ఏడాదిలోపు దొరికినవి 61 శాతం. నాకు పనికొచ్చిన ముక్క ఇంకోటి ఉంది, దొరికిన వాటిల్లో 75 శాతం తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే ఉన్నాయట. ఇంట్లో పెరిగిన పిల్లి భయపడితే ఊళ్ళు పట్టి పోదు, దగ్గర్లో ఏదో సందులో దూరి కిమ్మనకుండా కూర్చుంటుంది, సొంత మనిషి వచ్చి పిలిచినా పలకదు, ఎందుకంటే పలికితే వేరే జంతువుకి కూడా దొరికిపోతానని దానికి తెలుసు. అంటే నేను రాత్రంతా అరిచిన అరుపులు వాడికి వినపడే ఉంటాయి, లోపల్లోపలికి ఇంకా ముడుచుకుని ఉంటాడు పాపం.

కాబట్టి ప్లాన్ మార్చా. అరవడం బంద్. పోస్టర్లు ఊరంతా కాదు, మా చుట్టూ నాలుగు వీధులకే.

అక్టోబర్ 22, బుధవారం

టార్చ్ గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది సెల్‌ఫోన్ లైట్ కింద పట్టుకుని కారు కిందికి వంగి చూసేసి లేదని వెళ్ళిపోతారు. పిల్లి కంటి వెనకాల అద్దం లాంటి పొర ఉంటుంది, దాని మీద పడ్డ వెలుతురు ఎటునించి వచ్చిందో అటే తిరిగొస్తుంది. అందుకని టార్చ్‌ని మన కణత పక్కన, కంటి ఎత్తులోనే పట్టుకోవాలి, నడుం దగ్గర పట్టుకుంటే ఆ మెరుపు మన నడుముకి కనపడుద్ది, మనకి కాదు. మంచి ఫోకస్ ఉన్న టార్చ్ అయితే పిల్లి మొత్తం చీకట్లో ఉన్నా రెండు పచ్చటి చుక్కలు మాత్రం దూరం నించే దొరుకుతాయి.

ఈ రాత్రి దొరికాయి కూడా. మా ఇంటికి రెండిళ్ళ అవతల పాత పెంకుటిల్లు ఉంది, ఇంటివాళ్ళు హైదరాబాద్‌లో ఉంటారు, ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే. గోడ మీంచి టార్చ్ వేస్తే పెరట్లో కొబ్బరిమట్టల కుప్ప అడుగున రెండు చుక్కలు వెలిగి ఆరిపోయాయి. గుండె గొంతులోకి వచ్చింది. కానీ మా వీధిలో ఇదే రంగు పిల్లులు ఇంకో రెండున్నాయి, అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి, అది వీడేనని ఎలా చెప్పను? గోడ దూకి వెళ్ళి మట్టలు లాగితే ఏ పిల్లైనా సరే అటునించి పారిపోతుంది, ఆ పక్కన మెయిన్ రోడ్డు.

ఎదురింటి మావయ్య గారి దగ్గర ఆ ఇంటి గేటు తాళం ఉంటుంది. ఆయన హైదరాబాద్‌కి ఫోన్ కలిపి "పిల్లి కోసమండి, ఆయ్, పిల్లే" అని రెండు మూడుసార్లు చెప్పాక ఒప్పుకున్నారు. తాళం చేతికిస్తూ "పనిలో పని, పొద్దున్నే మా మందారాలు ఎవరు కోసుకుపోతున్నారో కూడా ఓ కన్నెయ్యి" అన్నారు. కార్తీకమాసం ఇవాళే మొదలు, పూల దొంగతనాల సీజన్ అన్నమాట.

అక్టోబర్ 23, గురువారం

కెమెరా పని. ట్యాంకు ప్రాజెక్టు కోసం తెప్పించిన డబ్బాలోనే ఒక ఈఎస్‌పీ32 క్యామ్ బోర్డు ఉంది, బుల్లి కంప్యూటర్ లాంటిది, ఆరొందల లోపే వచ్చింది నాకు, వైఫై ఉంటుంది, 2 మెగాపిక్సెల్ కెమెరా. దానికి కదలిక పసిగట్టే పీఐఆర్ సెన్సర్ ఒకటి. మనిషో పిల్లో ముందునించి వెళ్తే సెన్సర్ సిగ్నల్ ఇస్తుంది, బోర్డు ఫొటో తీసి టెలిగ్రామ్‌లో నాకు పంపుతుంది, అంతే కాన్సెప్టు. కోడ్ ఉదాహరణలు నెట్లో బోలెడు, నేను మార్చింది తక్కువ. అసలు తంటా అంతా కరెంటు దగ్గరే.

మొదటిది, వైఫై ఆన్ అయ్యే క్షణంలో ఆ బోర్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఓల్టేజి పడిపోతుంది, బ్రౌన్‌అవుట్ అని మెసేజ్ ఇచ్చి మళ్ళీ మొదటికి వస్తుంది. అదే పని గంటసేపు. పొడుగాటి సన్న కేబుల్ తీసేసి జానెడు మందపాటి కేబుల్ వేసి, 5 ఓల్టుల పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కాస్త కరెంటు దాచుకుని అవసరానికి ఇచ్చేది) పెట్టాక కుదురుకుంది. బోర్డుకి 3.3 ఓల్టుల పిన్ మీద సప్లై ఇవ్వమని కొన్ని వీడియోల్లో చూపిస్తారు, వద్దు, 5 ఓల్టులే ఇవ్వండి.

రెండోది పవర్ బ్యాంకు. ఛార్జి మిగలాలని బోర్డుని నిద్రపుచ్చితే అది లాగే కరెంటు మరీ తక్కువైపోయి, ఫోన్ ఏదీ లేదులే అనుకుని పవర్ బ్యాంకే ఆఫ్ అయిపోతుంది. దీనికి సర్క్యూట్ పెట్టి ట్రిక్కులు చేసేవాళ్ళున్నారు, నాకంత తీరిక లేదు, నిద్ర వద్దు అని రాత్రంతా మేలుకునే ఉంచేశా. 20,000 ఎంఏహెచ్ బ్యాంకుకి ఒక రాత్రి లెక్కే కాదు.

మూడోది సెన్సర్ ఊరికే కూయడం. గాలి లేదు, ఎలక లేదు, ఖాళీ గదిలో ఫొటో తర్వాత ఫొటో. బోర్డు వైఫై యాంటెన్నా పక్కనే సెన్సర్ ఉంటే రేడియో తగిలి అలా కూస్తుంది. మూరెడు వైరు వేసి దూరంగా జరిపాక నోరు మూసింది.

డబ్బా ఏదైనా పర్లేదు, నేను స్వీట్ షాపు ప్లాస్టిక్ డబ్బా వాడా, అందులో కాజాలే వచ్చాయి మొన్న పండక్కి. పారదర్శకంగా ఉంది కదా అని సెన్సర్‌ని లోపల పెట్టి మూతేస్తే పనిచెయ్యదు. మన కంటికి కనపడే వెలుతురు ఆ ప్లాస్టిక్‌లోంచి పోతుంది గానీ ఒంటి వేడి పోదు, సెన్సర్ చూసేది ఆ వేడినే. కెమెరాకి ప్లాస్టిక్ అడ్డం ఉన్నా ఫర్వాలేదు, సెన్సర్ తెల్లటి బుడిపె మాత్రం చిల్లు చేసి బయటకి పెట్టాలి, చుట్టూ ఎమ్‌సీల్. ఫ్లాష్ ఎల్‌ఈడీ ఆపేశా, చీకట్లో మొహమ్మీద భళ్ళున వెలిగితే ఇంకోసారి ఆ ఛాయలకి రాడు. ఆ పెరట్లోకి వీధిలైటు కాస్త పడుతుంది, ఫొటో ఇసకేసినట్టు వచ్చినా తోక చివర తెలుపు తెలిస్తే నాకు చాలు.

అక్టోబర్ 24, శుక్రవారం

ఎర దగ్గర ఇంట్లో గొడవ. బయట భయంతో ఉన్న పిల్లిని రప్పించాలంటే వాసన దూరం పోవాలి, పొడి క్యాట్ ఫుడ్డు దానికి చాలదు. ఎండు నెత్తళ్ళు కాల్చితే వీధి చివరి దాకా పోతుంది, ఆ సంగతి కాకినాడ వాళ్ళకి నేను చెప్పాలా. కానీ కార్తీకమాసం. అమ్మ తెల్లారి లేచి తలస్నానం చేసి దీపం పెట్టుకుంటుంది, ఈ నెల్లాళ్ళూ మా ఇంట్లో గుడ్డు కూడా రాదు.

"ఇంట్లో నీచేంట్రా ఈ నెల్లో" అంది. తర్వాత మా అమ్మాయి మొహం చూసింది. అది అన్నం తినట్లేదు సరిగ్గా, కాజా గిన్నె కడిగి మళ్ళీ అక్కడే పెడుతోంది రోజూ. సాయంత్రానికి అమ్మే "పిల్లికేం కార్తీకంరా, పెరట్లో ఇటుకలు పెట్టి కాల్చుకో, నా గిన్నె ఒక్కటి ముట్టుకున్నావంటే చూడు" అంది. పాత పెనం ఒకటి అటక మీంచి తనే తీసిచ్చింది.

వాడు పడుకునే దుప్పటి ముక్క ఒకటి, నేను రెండ్రోజులు వేసుకున్న బనీను ఒకటి పెరట్లో పెట్టా. లిట్టర్ డబ్బా, అంటే వాడి మరుగుదొడ్డి, బయట పెట్టమని కూడా అందరూ చెబుతారు, నాకు నమ్మకం లేదు, ఆ వాసనకి మా వీధి గండుపిల్లులు వచ్చి ఇది మాదంటే మాదని కూర్చుంటాయి, వీడు ఇంకా లోపలికి పోతాడు.

రాత్రి 11 దాటాక ఫొటోలు మొదలు. నల్ల గండుపిల్లి. పందికొక్కు. మళ్ళీ నల్లది. తెల్లారుజామున 4 గంటలకి ఒకటి వచ్చింది, మసగ్గా ఉంది, ఒళ్ళు నేలకి ఆనించి పాక్కుంటూ వస్తున్న పిల్లి, తోక కాళ్ళ మధ్య ఉంది, చివర కనపళ్ళేదు. వాడే అని నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం, ఫొటో చూపించి అమ్మాయిని లేపలేదు.

5 గంటలకి ఇంకో ఫొటో వచ్చింది, నందివర్ధనం కొమ్మ వంచుతున్న ఒక చెయ్యి, గాజులు, చేతిలో కవరు. దాని సంగతి తర్వాత.

అక్టోబర్ 25, శనివారం

నాగులచవితి. మా వైపు దీపావళికి కాల్చగా కొన్ని దాచి చవితికి కాలుస్తారు, ఈ సంగతి మర్చిపోదామన్నా పిల్లలు మర్చిపోనివ్వరు. వీధిలో పిల్లలందర్నీ పిలిచి, ఈ రెండు వీధుల్లో బాంబులు వద్దు, కాకరపువ్వొత్తులూ చిచ్చుబుడ్లూ కాల్చుకోండి, పిల్లి దొరికితే తలా ఒక ఐస్‌క్రీమ్ అని బేరం పెట్టా. మాట మీద నిలబడ్డారు. పక్క వీధి వాళ్ళతో బేరం లేదు కదా, వాళ్ళు పేల్చారు. అర్ధరాత్రి దాకా వచ్చిన ఫొటోల్లో కాజా లేడు, నల్లది మాత్రం టైము తప్పకుండా వచ్చి తినేసి పోయింది, దీనికి బాంబులంటే లెక్కే లేదు.

పగలు మాత్రం గంప పని చేశా. పిల్లుల్ని పట్టే ఇనప బోను అడిగితే ఎక్కడా అద్దెకి లేదు, కొనాలంటే వచ్చేసరికి వారం. మావయ్య గారి చుట్టాలు ఇంద్రపాలెం అవతల కోళ్ళు పెంచుతారు, పెద్ద కోళ్ళగంప పంపించారు. చిన్నప్పుడు పిచ్చికల్ని పట్టడానికి పెట్టేవాళ్ళం కదా గంప కింద పుల్ల, పుల్లకి తాడు, అదే టెక్నిక్. కాకపోతే భయపడ్డ పిల్లి వెదురు గంపని ఎత్తేసి పోగలదు, పైన రాయి పెడితే పడేటప్పుడు వాడి నడుం విరుగుద్ది. అందుకని పాత సైకిల్ ట్యూబులో ఇసక కూరి గంప అంచు చుట్టూ కట్టేశా, బరువంతా కిందనే ఉంటుంది, తగిలినా మెత్తగా తగులుద్ది. అల్లిక కన్నాల్లో తల ఇరుక్కోకుండా లోపల దోమతెర. అమ్మాయి టెడ్డీబేర్‌ని కింద కూర్చోబెట్టి ఎన్నోసార్లు పడేసి చూశాం, ఎటు పడినా అంచు నేలకి అతుక్కుంటోంది.

దీన్ని ఆటోమేటిక్ చేద్దామని చెయ్యి దురద పెట్టింది, ఒక సెర్వో మోటార్ పెట్టి సెన్సర్ కూయగానే పుల్ల లాగించెయ్యొచ్చు. కానీ సెన్సర్‌కి నల్లదీ కాజా ఒకటే, వేరే పిల్లి మీద పడి అది రంకెలేస్తే చూస్తూ కూర్చున్న కాజా ఇంక ఆ గంప దగ్గరికి జన్మలో రాడు. తాడు నా చేతిలోనే ఉండాలి.

రాత్రికి గంపని పడకుండా ఇటుకల మీద ఆనించి, కింద నెత్తళ్ళు పెట్టి వదిలేశా, ముందు దాని కింద తినడం అలవాటవ్వాలి.

అక్టోబర్ 26, ఆదివారం

టీవీ పెడితే తుఫాను తప్ప వేరే మాట లేదు. మొంథా అని పేరు, కాకినాడ చుట్టుపక్కలే తీరం దాటొచ్చంటున్నారు, 28కి. ఉప్పాడ వైపు సముద్రం అప్పుడే రోడ్డు మీదకి వస్తోందని వీడియోలు. మట్టల కుప్ప కింద ఉన్నవాడు ఆ గాలికి ఏమవుతాడు, నీళ్ళొస్తే ఎటు పోతాడు, ఇదే తిరుగుతోంది బుర్రలో. వాతావరణం వాళ్ళు నాకు గడువు పెట్టేశారు.

తెల్లారుజామున మాత్రం మంచి ఫొటో వచ్చింది. గంప అంచు కింద సగం ఒళ్ళు, తోక బయట, చివర తెలుపు. అమ్మాయికి చూపించా. ఫోన్ లాక్కుని జూమ్ చేసి జూమ్ చేసి "చిక్కిపోయాడు నాన్నా" అంది, ఆ ఇసక ఫొటోలో దానికి ఎలా తెలిసిందో.

అక్టోబర్ 27, సోమవారం

పెంకుటింటి వెనక అరుగు మీద, సగం తెరిచిన తలుపు చాటున, రాత్రి 2 నించి కూర్చున్నా. చేతిలో నైలాన్ తాడు, ఫోన్ బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించి. జల్లు పడుతోంది, దోమలు పీక్కుతింటున్నాయి, చప్పుడవుద్దని కొట్టడానికి లేదు.

మూడున్నరకి నల్లది వచ్చింది. తీరుబడిగా తింది, మీసాలు తుడుచుకుంది, నా వైపు ఒక చూపు చూసి గోడెక్కింది. దానికి అంతా తెలుసు.

చాలాసేపు ఏం లేదు. తర్వాత మట్టల దగ్గర ఒక ఆకు కదిలింది. కాజా మొహం బయటికొచ్చింది, ఆగింది, చెవులు రెండూ పక్కలకి పడున్నాయి. ఒక్కో అడుగూ వేసి ఆగడం, వెనక్కి చూడడం. గంప అంచు దగ్గర ముందుకాళ్ళు లోపల పెట్టి మెడ మాత్రం చాపి నెత్తళ్ళు అందుకుంటున్నాడు, వెనక కాళ్ళు బయటే. ఇప్పుడు లాగితే అంచు నడుం మీద పడుద్ది. అందుకే చివరి నెత్తళ్ళు గంపకి ఆ చివర గోడవైపు పెట్టా, వాటి కోసం లోపలికి రావాల్సిందే. ఇంకో అడుగు. ఇంకోటి. తోక కూడా లోపలికి పోయింది.

లాగా.

గంప పడ్డాక లోపల్నించి వచ్చిన అరుపు వాడిదని నేను అనుకోలేదు, అలాంటి గొంతు వాడికి ఉందని కూడా తెలీదు. గంప మొత్తం జానెడు జరిగింది, అంచు మాత్రం లేవలేదు, సైకిల్ ట్యూబు పట్టుకుంది. పరిగెత్తి దుప్పటి కప్పేశా మొత్తం, చీకటి పడగానే అరుపు ఆగిపోయింది, గురగుర మాత్రం మిగిలింది. కింద నించి ప్లైవుడ్ ముక్క మెల్లిగా తోసి, గంపా ప్లైవుడ్డూ కలిపి తాడుతో కట్టి, ఎత్తుకుని వీధిలో నడుస్తుంటే అప్పుడే కార్తీక స్నానాలకి లేచిన వాళ్ళు తలుపులు తీస్తున్నారు. ఒకావిడ "ఈ నెల్లో కోడేంటి బాబూ" అంది.

ఇంట్లో చిన్న గదిలో తలుపేసి గంప ఎత్తితే మంచం కిందకి పోయాడు. అమ్మాయి నేల మీద బోర్లా పడుకుని మాట్లాడకుండా చెయ్యి మాత్రం చాపి పెట్టుకుంది. మధ్యాహ్నానికి ఆ చేతి మీద తల పెట్టాడు.

అక్టోబర్ 30, గురువారం

28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. మా వీధిలో కరెంటు లేదు, గాలికి పెంకుటింటి మీద పెంకులు లేచిపోయాయి, తెల్లారి వెళ్ళి చూస్తే ఆ మట్టల కుప్ప చెల్లాచెదురుగా పడి, పెరట్లో నీళ్ళు. నల్లది మాత్రం అరుగు మీద పొడిగా కూర్చుని ఉంది, మిగిలిన నెత్తళ్ళన్నీ దానికే పెట్టేశా.

డాక్టర్ గారు చూశారు. బరువు బాగా తగ్గాడు, ముందు కాలి గోరు ఒకటి విరిగింది, అంతకుమించి ఏం లేదు. పిల్లి కొన్ని రోజులు వరసగా తినకపోతే ఒంట్లో కొవ్వంతా లివర్‌కి పట్టి ప్రమాదం అవుతుందట, అందుకని దొరికింది కదాని బోలెడు పెట్టకుండా కొంచెం కొంచెం ఎక్కువసార్లు పెట్టమన్నారు, తినడం మానేస్తే మాత్రం వెంటనే తీసుకురమ్మన్నారు.

మైక్రోచిప్ కూడా వేయించా. బియ్యపు గింజంత ఉంటుంది, బ్యాటరీ ఉండదు, 134.2 కిలోహెర్ట్జ్ రీడర్ దగ్గర పెడితే 15 అంకెల నంబరు చెబుతుంది, అంతే. చిప్ ఉంటే మ్యాప్‌లో కనపడతాడు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, కనపడడు. ఎవరైనా పట్టుకుని రీడర్ ఉన్న చోటికి తీసుకెళ్తేనే పనికొస్తుంది. ఎయిర్‌ట్యాగ్ కట్టు అని మా తమ్ముడు, అది దగ్గర్లో యాపిల్ ఫోన్ ఏదైనా ఉంటేనే జాడ చెబుతుంది, తాళం వేసిన పెరట్లో మట్టల కింద ఏ ఫోన్ ఉంటుంది? అయినా వీధి వైపు పోతే పనికొస్తుందని ఒకటి కడదామనుకుంటున్నా, లాగితే ఊడిపోయే బకిల్ ఉన్న పట్టీతోనే, మామూలు పట్టీ కొమ్మకి తగులుకుంటే మెడకి ఉరే.

వంటింటి కిటికీకి దోమతెర తీసేసి స్టీలు జాలీ బిగించా, నాలుగు పక్కలా స్క్రూలు. ఐస్‌క్రీముల బాకీ తీరింది. గంప కడిగి ఇంద్రపాలెం పంపించేశా, ఇసక ట్యూబు మాత్రం వాళ్ళే ఉంచెయ్యమన్నారు, గాలికి గంప ఎగరదని.

మావయ్య గారు పొద్దున్నే వచ్చారు, పిల్లి పని అయిపోయింది కదా ఆ కెమెరా మా మందారం చెట్టుకి కట్టు, ఆ దొంగెవరో తేల్చేద్దాం అని. ఇస్తానన్నా. కానీ టెలిగ్రామ్‌లో పాత ఫొటోలు ముందు తీసెయ్యాలి, ఎందుకంటే రోజూ 5 గంటలకి పెంకుటింటి నందివర్ధనాలు కోస్తున్న ఆ గాజుల చెయ్యి అత్తయ్య గారిది.